రాజకీయం, రాజ్యం, ప్రభుత్వ రూపాలు: బెజవాడ, గుంటూరు పాఠకులకు తరచుగా అడిగే ప్రశ్నలు

గవర్నర్‌పేటలోనూ బ్రాడీపేటలోనూ గ్రూప్స్‌కి చదివే పిల్లలు పాలిటీ గైడ్లు కొని బట్టీ పడుతుంటారు. ఆర్టికల్ నంబర్లు నోటికొస్తాయి. "ముఖ్యమంత్రిని మనమే ఎన్నుకున్నామా? మరి గవర్నర్ ఎందుకు?" అని ఇంట్లో తాతయ్య అడిగితే మాత్రం నీళ్లు నములుతారు. ఇక్కడ ఉన్నవి అలాంటి ప్రశ్నలే. వరుసగా చదవక్కర్లేదు, కావలసింది చూసుకోండి. ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఏ ప్రభుత్వాన్ని చూసినా వీళ్లు గద్దె ఎలా ఎక్కారన్నది తర్వాత, వీళ్లని దింపే దారి ఏమిటన్నది ముందు చూస్తాను. జవాబుల్లో ఆ మాట పదే పదే తగులుతుంది.

రాజకీయం అంటే ఎన్నికలు, పార్టీలేనా?

కాదు. పార్టీ జెండా కనపడని చోట కూడా రాజకీయం ఉంటుంది. ప్రకాశం బ్యారేజీనే తీసుకోండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో దెబ్బతింటే, దాని స్థానంలో 1957కల్లా ఈ బ్యారేజీ లేచింది. తూర్పు కాలువలు కృష్ణా జిల్లా వైపు, పడమటి కాలువలు తెనాలి, బాపట్ల వైపు నీళ్లు తీసుకుపోతాయి. నది నిండుగా ఉన్న ఏడాది ఎవరికీ పేచీ లేదు. ఎగువ నుంచి రాక తగ్గిన ఏడాది అసలు సంగతి మొదలవుతుంది. ముందు నారుమళ్లకు వదలాలా, ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపాలా? కొమ్మమూరు కాలువ చివరి భూములకు వంతు ఎప్పుడు? అడిగేవాళ్లందరిదీ న్యాయమైన కోరికే, అందరికీ సరిపడా నీళ్లే లేవు. దాన్ని తేల్చే పద్ధతి పేరే రాజకీయం. గట్టుమీద కొట్టుకుని తేల్చుకోవచ్చు, ఒక పెద్దమనిషి మాటకు కట్టుబడవచ్చు, అధికారి ఉత్తర్వుకు తల ఊపవచ్చు, లేదా ఎన్నికైన సంఘం కూర్చుని నిర్ణయించవచ్చు. మన రాష్ట్రంలో 1997 చట్టంతో రైతుల నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టింది ఈ చివరి దారి కోసమే.

"నాకు రాజకీయాలంటే పడదండీ" అనేవాళ్లు సాధారణంగా పార్టీల తగువుల గురించి అంటారు. నీళ్ల వంతు వచ్చేసరికి వాళ్లూ కాలువ గట్టుమీదే ఉంటారు.

రాజ్యం, ప్రభుత్వం వేరువేరా?

వేరు. ప్రజలు, హద్దులున్న భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం (పైన ఇంకెవరికీ లోబడని అధికారం) అనే నాలుగూ కలిస్తే రాజ్యం. ప్రభుత్వం అందులో ఒక భాగం మాత్రమే. రాజ్యం తరఫున కొంతకాలం పనిచేసి వెళ్లిపోయే మనుషులు వాళ్లు. 2019లో మన రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, 2024లో మళ్లీ మారింది. గుంటూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎప్పుడో రాయించుకున్న దస్తావేజు రెండుసార్లూ చెక్కుచెదరలేదు. ఒక ముఖ్యమంత్రి హయాంలో చేసిన అప్పును తర్వాతి ముఖ్యమంత్రి తీర్చాల్సిందే. "అది నేను చేసింది కాదు" అంటే బ్యాంకు వినదు.

ఈ తేడా పట్టుకోకపోతే ప్రభుత్వాన్ని తిట్టినవాణ్ణల్లా దేశద్రోహి అనేస్తాం. సుప్రీంకోర్టు 1962లోనే, కేదార్‌నాథ్ సింగ్ కేసులో, ఈ విషయం తేల్చింది. హింసకు ఉసిగొల్పనంత వరకు ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా అది రాజద్రోహం కాదంది.

ఆంధ్రప్రదేశ్‌కు సార్వభౌమాధికారం ఉందా?

లేదు. ఇంకో దేశంతో సంధి చేసుకోలేదు, సైన్యం పెట్టుకోలేదు, నోట్లు అచ్చువేయలేదు. దాని హద్దులు కూడా దాని చేతిలో లేవు. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం పార్లమెంటు రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, సభ ఒప్పుకుని తీరాలన్న నియమం మాత్రం లేదు. 2014 జనవరి 30న అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. జూన్ 2న రాష్ట్రం రెండయింది.

పోలీసులు, జైళ్లు చేతిలో ఉంటే చాలదా? ప్రజల అంగీకారం దేనికి?

లాఠీతో ఒకరోజు, ఒక వీధిని అదుపు చేయొచ్చు. లక్షలమంది రోజూ తమంతట తాము పన్ను కట్టి, కోర్టు తీర్పు పాటించి, రోడ్డుకు ఎడమవైపే బండి నడపాలంటే ఆ అధికారం సరైనదని వాళ్లకు అనిపించాలి. అది పోతే ఏమవుతుందో మన జిల్లా వాళ్లకు పుస్తకాల్లో వెతకాల్సిన పని లేదు.

చీరాల, పేరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోవే. ఎక్కువగా నేతపనివాళ్లు, చిన్న రైతులు. బ్రిటిష్ సర్కారు ఈ ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. పన్నులు విపరీతంగా పెరిగాయి. మాకు మున్సిపాలిటీ వద్దు మొర్రో అంటే వినలేదు, పన్ను కట్టనివాళ్లను జైల్లో పెట్టింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది, పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది ఇక్కడే. ఆ తర్వాత గాంధీ చీరాల వెళ్లారు. ఊరు వదిలి మున్సిపల్ హద్దు దాటితే పన్ను బాధ ఉండదు కదా అన్న ఆలోచన చెప్పింది ఆయనే. పెనుగంచిప్రోలులో పుట్టిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం నిజంగానే ఇళ్లకు తాళాలు వేసి, హద్దు అవతల పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. మున్సిపల్ ఆఫీసు ఉంది, ఉద్యోగులున్నారు, చట్టమూ వాళ్ల వైపే ఉంది. ఏలడానికి ఊళ్లో మనుషులే లేరు. సుమారు 11 నెలలు ఎండకూ వానకూ అలాగే ఉన్నారు. దుగ్గిరాలను జైల్లో పెట్టాక ఉద్యమం సడలింది, జనం తిరిగొచ్చారు. గెలిచారా అంటే గెలవలేదనే చెప్పాలి.

పక్కనే పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి ముందుండి నడిపిన పన్ను నిరాకరణలో గ్రామాధికారులే రాజీనామాలు ఇచ్చారు. మునసబు, కరణం లేకపోతే జిల్లా కలెక్టరుకు ఏ పొలం ఎవరిదో కూడా తెలియదు. అంత పెద్ద సామ్రాజ్యం ఒక ఫిర్కాలో శిస్తు వసూలు చేయలేక తంటాలు పడింది.

ప్రభుత్వాలు ఎన్ని రకాలు?

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ వేసిన లెక్క ఇప్పటికీ పరీక్షల్లో అడుగుతారు. పాలించేది ఒక్కడా, కొద్దిమందా, చాలామందా? పాలన అందరి మేలు కోసమా, సొంత లాభం కోసమా? ఒక్కడు అందరి కోసం పాలిస్తే రాచరికం, తన కోసం పాలిస్తే నిరంకుశత్వం. కొద్దిమంది మంచికి పాలిస్తే కులీనుల పాలన, డబ్బున్నవాళ్ల లాభానికైతే అల్పజన పాలన. ఇక చాలామంది పాలించేదాంట్లో ఆయన ప్రజాస్వామ్యాన్ని చెడ్డ రకం కింద వేశాడు. పేదలు తమ లాభమే చూసుకుంటారని ఆయన భయం. పరీక్షలో చాలామంది తప్పు గుర్తు పెట్టేది ఇక్కడే.

ఈ పట్టికలో నాకో చిక్కు కనిపిస్తుంది. పాలకుడు అందరి మేలు చూస్తున్నాడా లేదా అన్నది ఎవరు చెప్పాలి? ప్రతి నిరంకుశుడూ ప్రజల కోసమే అంటాడు, ఆస్థానంలో అవునవునని తలలూపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకే మనసులో ఏముందో వెతకడం మానేసి, చెడ్డవాడని తేలితే రక్తపాతం లేకుండా దింపే దారి ఉందా అని చూడడం తేలిక.

రాజులు ఇంకా ఎక్కడైనా ఉన్నారా?

బాగానే ఉన్నారు, రెండు రకాలుగా. బ్రిటన్, జపాన్‌లలో సింహాసనం ఉంది, పరిపాలన మాత్రం ఎన్నికైన ప్రధాని చేతిలో ఉంది. భూటాన్ 2008లో రాజ్యాంగం రాసుకుని ఆ దారిలోకి వచ్చింది. సౌదీ అరేబియాలో రాజే పాలకుడు. నేపాల్ 2008 మే 28న రాచరికాన్ని రద్దు చేసుకుంది.

పాత రోజుల్లో దింపే దారి ఎలా ఉండేదో చూడాలంటే కొండవీడు ఘాట్ రోడ్డెక్కండి. రెడ్డిరాజులు పోయి గజపతులు వచ్చింది కత్తితోనే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను పట్టుకున్నది ముట్టడి వేసి. రైతుకు శిస్తు ఎవరికి కట్టాలో కోట మీద ఏ జెండా ఎగిరితే దాన్నిబట్టి తెలిసేది. మధ్యలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

రిపబ్లిక్ అన్నా ప్రజాస్వామ్యం అన్నా ఒకటేనా?

రిపబ్లిక్‌లో దేశాధినేత పదవి వారసత్వంగా రాదు, అంతే. బ్రిటన్ ప్రజాస్వామ్యమే గానీ రిపబ్లిక్ కాదు. ఉత్తర కొరియా పేరులో ప్రజాస్వామ్యమూ ఉంది, రిపబ్లిక్కూ ఉంది. పేరు చూసి మార్కులు వేయకండి. మనం 1950 జనవరి 26 నుంచి రెండూ.

నియంతలు కూడా ఎన్నికలు పెడతారు కదా, మరి తేడా ఏమిటి?

అధికారంలో ఉన్నవాళ్లు ఓడిపోయే అవకాశం నిజంగా ఉందా? ఓడితే ఖాళీ చేసి వెళతారా? పోటీ చేసినవాణ్ణి జైల్లో పెట్టారా, పత్రికలు రాయగలుగుతున్నాయా, లెక్కింపు ఎదుటి పార్టీ ఏజెంటు చూస్తుండగా జరిగిందా? వీటికి జవాబు సరిగ్గా లేకపోతే ఓటింగ్ శాతం ఎంత ఉన్నా అది తంతే.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చిన కాలం ఎమర్జెన్సీ, 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 వరకు. ప్రతిపక్ష నాయకుల్ని విచారణ లేకుండా నిర్బంధించారు, పత్రికలకు సెన్సారు పెట్టారు. అయినా 1977లో ఎన్నికలు జరిగాయి, ఇందిరా గాంధీ ఓడి దిగిపోయారు. చిత్రం ఏమిటంటే ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికల్లోనే ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి కొద్ది నెలల్లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మనవాళ్లు ఎమర్జెన్సీని మెచ్చుకున్నారా, లేక దాని వేడి ఇక్కడ అంతగా తగల్లేదా అన్నదానిపై ఇప్పటికీ వాదనలు నడుస్తాయి. నేను రెండోదే నమ్ముతాను.

ముఖ్యమంత్రిని మనమే ఎన్నుకుంటామా?

లేదు. విజయవాడ తూర్పు, మధ్య, పశ్చిమ నియోజకవర్గాల్లో గానీ గుంటూరు తూర్పు, పశ్చిమల్లో గానీ మీరు మీట నొక్కేది ఎమ్మెల్యే కోసం. అలాంటివాళ్లు 175 మంది. వాళ్లలో కనీసం 88 మంది ఎవరి వెనక ఉంటే ఆయన్ని గవర్నర్ ముఖ్యమంత్రిగా నియమిస్తారు. ఫ్లెక్సీల మీద నాయకుడి బొమ్మే కనిపిస్తుంది కాబట్టి నేరుగా ఆయనకే వేసినట్టు అనిపిస్తుంది.

ముఖ్యమంత్రి ఎమ్మెల్యేనే కావాలని కూడా లేదు. 2009లో ముఖ్యమంత్రి అయిన కొణిజేటి రోశయ్య శాసనమండలి సభ్యులు. ఏ సభలోనూ లేని మనిషి కూడా ప్రమాణం చేయొచ్చు, ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఎంపీ కాదు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చారు.

మంత్రుల సంఖ్యకూ లెక్క ఉంది. 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం సభ బలంలో 15 శాతం దాటకూడదు. 175కి అది 26 అవుతుంది, ముఖ్యమంత్రితో కలిపి. "మావాడికి మంత్రి పదవి ఇవ్వలేదు" అని అలిగే ప్రతి కులసంఘమూ ఈ అంకె ఒకసారి చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

అమెరికా పద్ధతికీ మన పద్ధతికీ అసలు తేడా ఏమిటి?

మనది పార్లమెంటరీ పద్ధతి. ప్రభుత్వం చట్టసభలోంచి పుడుతుంది, ఆ సభ నమ్మకం ఉన్నంతసేపే బతుకుతుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో విశ్వాస పరీక్షకు నిలబడింది. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పోయింది, కోర్టు లేదు, విచారణ లేదు, తప్పు చేశారని ఎవరూ నిరూపించనక్కర్లేదు. నమ్మకం లేదంటే లేదు.

అమెరికాది అధ్యక్ష పద్ధతి. అధ్యక్షుడి ఎన్నిక వేరు, చట్టసభ ఎన్నిక వేరు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేందుకు జనం ఓటేసి పంపే 538 మంది ఎలెక్టర్లలో 270 మంది మద్దతు తెచ్చుకున్నవారు నాలుగేళ్లు ఉంటారు, 1951 నాటి 22వ సవరణ తర్వాత రెండుసార్ల కంటే ఎక్కువ ఎన్నిక కాలేరు. చట్టసభలో ఆయన పార్టీ మైనారిటీలో పడినా పదవికి ఢోకా లేదు. మధ్యలో దింపాలంటే అభిశంసన, అంటే చట్టసభే నేరం మోపి విచారించి తొలగించడం, ఒక్కటే దారి. ఇప్పటిదాకా అక్కడి ఎగువ సభ సెనేట్ దోషిగా తేల్చి దింపిన అధ్యక్షుడు ఒక్కరూ లేరు. నిక్సన్ 1974లో అందాకా రానివ్వకుండా తనే రాజీనామా చేశారు.

ఫ్రాన్స్ రెండూ కలిపింది. 1958 రాజ్యాంగం ప్రకారం బలమైన అధ్యక్షుడూ ఉంటాడు, సభకు జవాబు చెప్పే ప్రధానీ ఉంటాడు. శ్రీలంక 1978లో అధ్యక్షుడికి చాలా అధికారాలు కట్టబెట్టింది. 2022 జూలైలో జనం అధ్యక్ష భవనంలోకి దూసుకెళ్లాక గానీ అప్పటి అధ్యక్షుడు గొటబయ రాజపక్స పదవి వదల్లేదు. దింపే తలుపు ఇరుకుగా ఉంటే జనం గోడ పగలగొడతారు.

స్థిరత్వం కోసం మనకూ అధ్యక్ష పద్ధతే మేలని వాదించేవాళ్లు ప్రతి తరంలోనూ ఉంటారు. వాళ్ల బాధ నిజమే, సంకీర్ణాల బేరసారాలు చూసి విసుగు పుడుతుంది. అయినా స్థిరత్వానికీ జవాబుదారీతనానికీ ఒకటి ఎన్నుకోమంటే రెండోదే నా ఓటు. రాజ్యాంగ సభ కూడా అదే ఎన్నుకుంది.

మరి 1984లో ఎన్టీఆర్‌ని సభ దింపలేదు కదా?

అదే వచ్చిన గొడవ. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, గుంటూరు జిల్లాకు చెందిన నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారన్నది సభలో లెక్కపెట్టకుండా రాజ్‌భవన్‌లో తేల్చేశారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. రాష్ట్రమంతా ఆందోళనలతో అట్టుడికింది. గవర్నర్ మారారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. పదేళ్ల తర్వాత, 1994లో, బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఇదే. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలో, గవర్నర్ గదిలో కాదు.

పార్టీ ఫిరాయిస్తే పదవి పోవాలి కదా, ఎందుకు పోవడం లేదు?

1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, ప్రకారం పోవాలి. కానీ తేల్చేది స్పీకరు. స్పీకరు సాధారణంగా పాలక పార్టీ మనిషి. ఫిర్యాదు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే సభ గడువే ముగిసిపోతుంది. చట్టంలో ఉన్న పెద్ద కన్నం ఇదే.

ఏ పని కేంద్రానిది, ఏది రాష్ట్రానిది, ఏది కార్పొరేషన్‌ది?

గుంటూరు మిర్చి యార్డులో ఒక టిక్కీని (మిర్చి బస్తాని) వెంబడిస్తే చాలావరకు అర్థమవుతుంది. చేలో సాగు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలోది, అంటే దానిపై చట్టం చేసేది రాష్ట్రం. యార్డు రాష్ట్ర మార్కెటింగ్ శాఖ కింద నడుస్తుంది. సరుకు ఎక్కే జాతీయ రహదారి కేంద్రానిది, యార్డు దాకా వెళ్లే వీధి రోడ్డు, పక్కనున్న మురుగుకాలువ నగరపాలక సంస్థవి. ఎగుమతి నియమాలు, నాణ్యత చూసే స్పైసెస్ బోర్డు కేంద్రానివి. దారిలో దొంగతనం జరిగితే పోలీసులు రాష్ట్రం. పన్ను మాత్రం ఇద్దరిదీ. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీని కేంద్రమూ రాష్ట్రాలూ కలిసి కూర్చునే మండలి నిర్ణయిస్తుంది. ధర పడిపోయినప్పుడు రైతు గుంటూరు రోడ్డు మీద ధర్నా చేస్తాడు. రాష్ట్రం ఢిల్లీని చూపిస్తుంది, ఢిల్లీ రాష్ట్రాన్ని చూపిస్తుంది. కేంద్రమూ రాష్ట్రాలూ అధికారం పంచుకునే సమాఖ్యలో ఉన్న తలనొప్పి అది.

మిగతావి చకచకా చెబుతాను. విజయవాడ రైల్వే స్టేషన్, గన్నవరం ఎయిర్‌పోర్టు, మంగళగిరి ఎయిమ్స్ కేంద్రానివి. గుంటూరు పెద్దాసుపత్రి, కరెంటు సరఫరా, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడిని చూసే దేవాదాయ శాఖ రాష్ట్రానివి. కుళాయి నీళ్లు, చెత్త, వీధిదీపాలు కార్పొరేషన్‌వి. చదువు ఇద్దరూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉంది, 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి అటు మారింది. ఉమ్మడి జాబితాలో కేంద్ర, రాష్ట్ర చట్టాలకు పొత్తు కుదరకపోతే సాధారణంగా కేంద్రానిదే చెల్లుతుంది.

బ్రిటన్, ఫ్రాన్స్ ఏకకేంద్ర రాజ్యాలు, అంటే అసలు అధికారమంతా కేంద్రానిదే. అమెరికా సమాఖ్య. మనది సమాఖ్యే, కాకపోతే కేంద్రం వైపు బరువు ఎక్కువ.

రెండో సభ దేనికి? మండలి దండగ కదా?

ఆవేశంలో చేసిన చట్టాన్ని ఇంకోసారి చూడడానికని పెద్దలు చెబుతారు. ఓడిన నాయకులకు పునరావాసమని జనం చెబుతారు. రెండిట్లోనూ నిజముంది. మన శాసనమండలి 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ రద్దు చేశారు, 2007లో తిరిగొచ్చింది. ఇప్పుడు 58 మంది. 2020 జనవరిలో అసెంబ్లీ ఆమోదించిన మూడు రాజధానుల బిల్లును మండలి సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును పరిశీలించే సభ్యుల సంఘానికి, పంపింది. వారం తిరక్కుండా అసెంబ్లీ మండలినే రద్దు చేయమని తీర్మానం చేసింది. పార్లమెంటు దాన్ని చేపట్టకముందే 2021 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వమే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, రాజధానుల చట్టాన్ని కూడా అదే నెలలో ఉపసంహరించుకుంది. మీరు ఏ రాజధాని వైపున్నా, రెండో సభ ఆపలేదు గానీ ఆలస్యం చేయగలదన్న సంగతి అక్కడ కళ్లారా చూశాం.

అధికార విభజన అంటే?

చట్టం చేసేవాళ్లు, అమలు చేసేవాళ్లు, తీర్పు చెప్పేవాళ్లు ఒకే చేతిలో ఉండకూడదని 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఆలోచనాపరుడు మాంటెస్క్యూ గట్టిగా వాదించాడు. అమరావతిలో ఆ మూడూ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి, వెలగపూడిలో అసెంబ్లీ, సచివాలయం, నేలపాడులో 2019 నుంచి హైకోర్టు. హైకోర్టు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు, 1954 నుంచి 1956 దాకా, హైకోర్టు గుంటూరులోనే ఉండేది.

మన పద్ధతిలో మొదటి రెండూ పూర్తిగా విడిపోవు, మంత్రులు సభ్యులే కాబట్టి. అందుకే మూడోదానికి ఇంత బరువు.

మెజారిటీ ఏం చెబితే అదేనా ప్రజాస్వామ్యం?

కాదు. పార్లమెంటులో మూడింట రెండు వంతుల బలం ఉన్నా చేయలేని పనులున్నాయి. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు కూర్చుని, 7-6 తేడాతో, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని సవరణతో కూడా చెరపకూడదని తీర్పిచ్చారు. ఒక్కరి ప్రాథమిక హక్కుకు భంగం కలిగినా 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు. ఇంకో సంగతి, మన ఎన్నికల్లో గెలవడానికి సగం ఓట్లు కూడా అక్కర్లేదు, మిగతావాళ్ల కంటే ఒక్కటి ఎక్కువ వస్తే చాలు. కాబట్టి "జనమంతా మా వెంటే" అనే మాటను కాస్త తగ్గించి వినాలి.

నోటాకి (ఈ అభ్యర్థులెవరూ వద్దనే మీట) ఎక్కువ ఓట్లు వస్తే?

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఏమీ కాదు. ఆ తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. 2013 నుంచి ఉంది.

లెఫ్ట్, రైట్ అంటే?

1789లో ఫ్రెంచి విప్లవం నాటి సభలో రాజు అధికారాన్ని తగ్గించాలన్నవాళ్లు అధ్యక్షుడికి ఎడమ పక్కన, నిలబెట్టాలన్నవాళ్లు కుడి పక్కన కూర్చున్నారు. తర్వాత సమానత్వం, ప్రభుత్వ జోక్యం ఎక్కువ కోరేవాళ్లు లెఫ్ట్, సంప్రదాయం, ప్రైవేటు ఆస్తి, మార్కెట్ వైపు మొగ్గేవాళ్లు రైట్ అయ్యారు. ఈ ప్రాంతం రెంటినీ పెంచింది. కమ్యూనిస్టు పార్టీ (సీపీఐ) ఆరో మహాసభ 1961లో విజయవాడలోనే జరిగింది. నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నడిపించారు. లెఫ్ట్, రైట్ రెండు పక్షాలూ రైతు పేరే చెప్పాయి. ఇప్పటి పార్టీల్లో ఎవరు ఎటో చెప్పమని అడగకండి, మేనిఫెస్టోలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ తెలియదు.

పంచాయతీ, కార్పొరేషన్ కూడా ప్రభుత్వమేనా?

1992లో చేసిన 73, 74వ సవరణల తర్వాత నిస్సందేహంగా. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు, ఎన్నికలకు వేరే రాష్ట్ర ఎన్నికల సంఘం. సర్పంచిని ఊరి ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు, పార్టీ గుర్తు ఉండదు. 2021లో విజయవాడలో 64, గుంటూరులో 57 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి, మేయర్లను కార్పొరేటర్లు ఎన్నుకున్నారు. అంటే సర్పంచిది అధ్యక్ష పద్ధతికి దగ్గర, మేయరుది పార్లమెంటరీ పద్ధతికి దగ్గర. అధికారాలు కాగితం మీద చాలా ఉన్నాయి, నిధులు మాత్రం పైనుంచి రావాలి. కాబట్టి కమిషనర్ మాట చెల్లినంతగా మేయర్ మాట చెల్లదు.

అన్నీ ప్రజలే ఓటేసి తేల్చుకోలేరా?

స్విట్జర్లాండ్‌లో చాలావరకు అదే చేస్తారు. పార్లమెంటు చేసిన చట్టం నచ్చకపోతే వంద రోజుల్లో 50 వేల సంతకాలు సేకరిస్తే దానిపై దేశమంతా ఓటింగ్ జరగాలి. మన రాజ్యాంగంలో అలాంటి ఏర్పాటు లేదు. దగ్గరగా ఉన్నది గ్రామసభ, అందులో ఊరి ఓటర్లందరూ సభ్యులే. పోయేది కొద్దిమంది, తీర్మానం ముందే రాసుకుని సంతకాలు పెట్టించే ఊళ్లూ ఉన్నాయి.

ఓటేశాక ఐదేళ్లు ఆగాల్సిందేనా?

ఎమ్మెల్యేని మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మనకు లేదు. అడిగే హక్కు ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ వీధి రోడ్డు కాంట్రాక్టు ఎంతకిచ్చారు, బిల్లు ఎంత చెల్లించారు, కొలతల పుస్తకం నకలు ఇవ్వండి అని తెల్లకాగితం మీద రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు, మిగతావాళ్లకు సాధారణంగా 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, వచ్చినా అరకొరగా ఉంటే, ఆ తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. "రోడ్డు ఎందుకు బాగాలేదు" అని రాయకండి, అది అభిప్రాయం కిందికి వస్తుందని తిప్పి పంపుతారు. రికార్డు పేరు, తేదీలు రాసి నకలు అడగండి, రసీదు తీసుకోవడం మరచిపోకండి.